మగ్గం గదిలో ల్యాప్‌టాప్

ఆ ఉదయం తెర మీద చీర అంచు బొమ్మ సగం వరకు వచ్చి ఆగిపోయింది. పైన గోపురాల వరుస కనిపిస్తోంది, కింద అంతా బూడిద రంగు. మౌస్ కదిపాను. బాణం గుర్తు కూడా కదల్లేదు. గుంత మగ్గంలో కూర్చున్న మామయ్య తల తిప్పి ఒకసారి చూసి మళ్లీ పనిలో పడ్డాడు. ల్యాప్‌టాప్ లోపలి నుంచి సన్నగా 'టిక్'మని ఒక చప్పుడు వచ్చింది. కొంచెం ఆగి ఇంకొకటి. చాలాసేపటికి మిగతా సగం అంచు దానంతటదే తెరుచుకుంది. అప్పటిదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను, వదిలితే పోతుందేమోనని.

అంత చిన్న సంగతికి అంత భయం ఎందుకో తెలియాలంటే ఆ ఇంట్లో నేనెవరో చెప్పాలి.

మాది అచ్చంపేట దగ్గరి ఊరు. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్లు, ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లు. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నప్పుడు నారాయణపేట అబ్బాయిని ఇష్టపడ్డాను. వాళ్లది తాతల నాటి నుంచి చీరలు నేసే ఇల్లు. పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. స్నేహితులు తప్ప రెండు వైపుల నుంచీ ఎవరూ రాలేదు. అలాంటి పెళ్లి చేసుకున్నవాళ్ల గురించి పేపర్లో ఏమేం వస్తాయో మా ఇద్దరికీ తెలుసు. మహబూబ్‌నగర్‌లో కిరాయికి తీసుకున్న గదిలో పగలు కూడా గడియ పెట్టుకుని ఉండేవాళ్లం. ఎవరైనా తలుపు తడితే నేను ముందు కిటికీలోంచి కాళ్లు చూసేదాన్ని. తెలిసిన చెప్పులైతేనే తలుపు తీసేదాన్ని.

అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఇంటికి రమ్మని కబురొచ్చింది. వండిపెట్టే మనిషి కావాలి కాబట్టి పిలిచారని నాకు తెలుసు. అయినా వెళ్లాం. నేను వండింది వాళ్లు తిన్నారు, అదే పెద్ద సంగతి. మామయ్య మాత్రం నాతో మాట్లాడేవాడు కాదు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా, కొడుకుతో, "ఆమెను జర చాయ్ పెట్టుమను" అనేవాడు. ముందరి గదిలో మగ్గం ఉండేది. అందులోకి రావద్దని నాకెవరూ చెప్పలేదు. నేనే గడప దాటలేదు.

నాకు ఆ ఇంట్లో చోటిచ్చింది ఒక పాత ల్యాప్‌టాప్. కాలేజీలో కంప్యూటర్లు చెప్పిన సారు దాన్లో లినక్స్ వేసిచ్చాడు. కొనక్కర్లేని సాఫ్ట్‌వేర్, ఎవరైనా లోపల ఎలా ఉందో విప్పి చూసుకోవచ్చు. పాత మిషన్ మీద కూడా తేలిగ్గా నడుస్తుందన్నాడు. మామయ్య వాళ్ల నాయన గీసిన అంచులు, కొంగుల గ్రాఫు కాగితాలు ఒక చెక్కపెట్టెలో ఉండేవి. పసుపుబారి, మడతల దగ్గర విరిగిపోతుండేవి. అత్తమ్మ పక్కన కూర్చుని పొద్దుపోక, ఒక్కో కాగితం చూస్తూ కంప్యూటర్‌లో గడి తర్వాత గడి నింపడం మొదలుపెట్టాను. ఒకరోజు మామయ్య గడపలో నిలబడి చాలాసేపు తెర వైపు చూశాడు.

"గా మూడో గడి ఎర్రది గాదు బిడ్డా. పసుపుది."

నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. బిడ్డా అన్నాడని నా భర్తకు చెప్తే, "నిజంగనే అన్నడా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు.

ఆ వానాకాలం చెక్కపెట్టెకు చెదలు పట్టింది. అడుగు నుంచి పట్టడంతో మూత తీసేదాకా ఎవరికీ తెలియలేదు. లోపల కాగితాల బదులు తడి మట్టి ఉంది. మామయ్య పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఆ మట్టిని వేళ్లతో కెలికాడు. తర్వాత లేచి చేతులు దులుపుకుని, "పోనీ తియ్. గా డబ్బల ఉన్నయి గద" అన్నాడు.

ఆ రోజు నుంచి ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో ఎత్తేదాన్ని.

మగ్గం గుంతలో కూర్చున్న మనిషికి గది బయట ఉన్న తెర కనిపించదు. అందుకని నా భర్త మగ్గం గుంజకే ఒక చెక్క కొట్టి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టాడు. అలా నేను మొదటిసారి మగ్గం గదిలోకి వెళ్లాను. మామయ్య గడులు చూసుకుంటూ నేసేవాడు, నేను పక్కన నిలబడి తెర జరిపేదాన్ని. అదే వారం సాఫ్ట్‌వేర్ కొత్త రూపం వస్తే దాన్నీ ఎక్కించాను. ఆ తర్వాత కొద్ది రోజులకే అంచు సగంలో ఆగింది.

సహజంగా నేను కొత్త సాఫ్ట్‌వేర్‌నే అనుమానించాను. పాతదానికి తిరిగి వెళ్లాను. తేడా లేదు. అక్కర్లేని ఫైళ్లు తీసేశాను. తేడా లేదు. కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి, ఏ పని ఎంత భారం వేస్తోందో చూపించే కమాండ్ ఇచ్చాను. మిషన్ మెదడు ఖాళీగా కూర్చుంది. బొమ్మలన్నీ దాచి ఉంచే డిస్కు కోసం ఎదురుచూస్తోంది. డిస్కేమో ఊపిరాడనంత పనిలో ఉన్నానంటోంది, కాని చదువుతున్నది గోరంత. ఒక చిన్న బొమ్మ తెరవడానికి చాయ్ కాగేంత సేపు పడుతోంది. మధ్యమధ్యలో ఆ 'టిక్'.

ఆ చప్పుడు గురించి ఇంటర్నెట్‌లో వెతికాను. వెతక్కుండా ఉంటే బాగుండేది. చచ్చిపోయే ముందు డిస్కులు అలాగే చప్పుడు చేస్తాయని చదివాను. ఉన్నదంతా వెంటనే ఇంకోచోటికి కాపీ చేసుకోమన్నారు కొందరు. ఎక్కువ చదివిస్తే ఇంకా తొందరగా పోతుందన్నారు ఇంకొందరు. పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు ఉందిగాని అందులో ఉన్నవి మొదట గీసిన కొన్ని అంచులే. చెక్క మీద ఉండగానే కాపీ మొదలుపెట్టాను. ముందు గంట పడుతుందని చూపించింది, తర్వాత ఒక రోజంది, తర్వాత అంకె చూపించడమే మానేసింది. లోపలినుంచి 'టిక్', 'టిక్'. భయపడి ఆపేశాను. ఆపింది తప్పో ఒప్పో తెలియలేదు.

నా భర్త సామాన్ల ఆటో నడిపేవాడు. ఇంటికి రాగానే చెప్పాను.

"ఫికర్ జెయ్యకు. పొద్దుగాల మహబూబ్‌నగర్ పోదాం, దుకాణంల చూపిద్దాం."

"మామయ్యకు ఏం జెప్తవు?"

"రిపేరని జెప్త."

"రిపేర్ కాకపోతే?"

ఆయన లేచి ల్యాప్‌టాప్ పట్టే సంచి వెతకసాగాడు.

దుకాణంలో కుర్చీ మీద కూర్చున్నాయన ల్యాప్‌టాప్ ఆన్ చేశాడు. అది చటుక్కున లేచి కూర్చుంది. అంచులు, కొంగులు ఒకదాని వెనక ఒకటి తెరుచుకున్నాయి. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"మంచిగనే ఉరుకుతాంది గదమ్మా!"

"ఇంటి కాడ ఆగుతాంది."

"ఇంటి కాడ ఆగుడేంది? గీ లినక్స్ మాకు తెల్వదు. ఫార్మాట్ గొట్టి మామూలుది ఎక్కిస్త. అంత సాఫ్ అయితది."

సాఫ్ అనే మాట వినగానే నేను మూత మూసి ల్యాప్‌టాప్ లాక్కున్నాను. నా భర్త ఆయనకు ఏదో సర్దిచెప్పాడు. బస్సులో దాన్ని ఒళ్లో పట్టుకునే కూర్చున్నాను. బాగానే ఉంది కదా, ఇంటికి పోగానే నింపాదిగా కాపీ చేసుకుందామని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంటికి చేరేసరికి రాత్రయింది, మరునాడు పొద్దున చెక్క మీద పెట్టి ఆన్ చేశాను. అంచు సగంలో ఆగింది.

ఆ రోజు ఇంట్లో మామయ్య వాళ్ల అక్క ఉంది. మా పెళ్లయ్యాక ఆమె ఆ ఇంటికి రావడం అదే మొదలు. మంచం మీద కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. నేను ఇచ్చిన నీళ్లు తాగలేదు, తన సంచిలోంచి సీసా తీసుకుంది. మామయ్య, "ఏమైంది బిడ్డా, దుకాణంల మంచిగైందన్నరు గద?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"బయట నడుస్తది. గీ గదిలకొస్తె నడువది. ఎందుకో మీకు తెల్వదా తమ్మీ?"

ఒత్తి నలుపుతూనే ఆమె ఇంకో మాట అంది.

"మగ్గం కాడికి ఎవలు రావాల్నో, ఎవలు రావద్దో మన పెద్దలు ఊకెనే జెప్పలే. పెట్టెకు చెదలు వట్టినప్పుడన్న జర సోంచాయించాలె."

చెదలు కూడా నా ఖాతాలోనే పడింది. మామయ్య ఏమన్నా అంటాడేమోనని చూశాను. ఆయన అడ్డపోగు నేసే నాడె చేతిలో పట్టుకుని కిందికి చూస్తున్నాడు. నేను ల్యాప్‌టాప్ తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి పక్కన నేల మీద పెట్టి, ఆన్ చేయాలా వద్దా అని కాసేపు దాని ముందు కూర్చున్నాను. ఇక్కడ కూడా ఆగిపోతే బాగుండునని ఆ క్షణంలో నిజంగా కోరుకున్నాను. ఆగిపోతే అది డిస్కు చావు. ఆగకపోతే ఆమె మాట నిజం.

ఆగలేదు. నీళ్లలా నడిచింది.

అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. కొన్ని బొమ్మలు మాత్రం చదవలేనంది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. మిగిలినవి భద్రమయ్యాయి. భద్రమయ్యాక నా భయం తగ్గాలి. తగ్గలేదు. అప్పటిదాకా పోతుందేమో అనుకున్నది డిస్కు. ఇప్పుడు దాని జాగాలో నేనున్నాను. చిన్నప్పుడు మా ఊళ్లో మమ్మల్ని బావి దగ్గరికి రానివ్వని రోజుల గురించి అవ్వ చెప్పేది. నేను చదువుకున్నదాన్ని, ఇవన్నీ ఎవరో కల్పించినవని తెలిసినదాన్ని. అయినా ఆ వంటింట్లో, నా అరచేతులు తిప్పి చూసుకున్నాను. నా చేతుల్లోనే ఏదైనా ఉందా అని. పైకి వినపడకుండా ప్రార్థన చేసుకున్నాను. ఆ ఇంట్లో అలా చేసుకోవడానికీ భయమే.

సాయంత్రం మామయ్య కొడుకుతో అన్నాడు, "ఆమెను ఆ డబ్బ అక్కణ్నే పెట్టుకొమ్మను."

'బిడ్డా' పోయి మళ్లీ 'ఆమె' వచ్చింది.

అత్తమ్మ కర్ర ఊతంతో మెల్లగా మగ్గం గదిలోకి వెళ్లి, ఖాళీగా ఉన్న ఆ చెక్కకు నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన దారం కట్టి వచ్చింది. "దిష్టి తగిలింది పిల్లా. పోతది తియ్" అంది నా వైపు చూడకుండా. అది నన్ను కాపాడడానికి కట్టిందో, నా నుంచి మగ్గాన్ని కాపాడడానికి కట్టిందో నాకు తెలియలేదు. అడగలేదు.

లినక్స్ వాడేవాళ్లు ఒకరినొకరు సందేహాలు అడుక్కునే చోటు ఇంటర్నెట్‌లో ఉంటుంది. నాకొచ్చిన ఇంగ్లీషులో అక్కడ రాశాను. ఒక గదిలో డిస్కు చచ్చిపోతోంది, ఇంకో గదిలో బతుకుతోంది, ఎందుకు అని. నవ్వుతారనుకున్నాను. నవ్వినవాళ్లూ ఉన్నారు. ముఖం తెలియని ఒకరు మాత్రం, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే లెక్క రాసుకుంటుంది, ఈ కమాండ్ ఇచ్చి అది ఏమంటోందో చూపించు అని రాశారు. చూపించాను. వరుసగా చాలా అంకెలు వచ్చాయి. ఒక వరుస చూసి ఆ మనిషి అడిగారు: 'నీ ల్యాప్‌టాప్ ఎన్నిసార్లు కింద పడింది?'

ఒక్కసారి కూడా పడలేదని రాశాను.

'పడిందనే దీని లెక్క. వేలసార్లు.'

ఆ మాట మళ్లీ మళ్లీ చదివాను. రెండు చేతులతో ఎత్తి, రెండు చేతులతో దించే వస్తువు. ఇంట్లో ఎవరైనా నేను లేనప్పుడు కావాలని పడేస్తున్నారా? అత్తమ్మా? మామయ్యా? ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా అది పోలేదు. అన్నం వడ్డిస్తూ ఒక్కొక్కరి ముఖం చూశాను.

మరునాడు పొద్దున బియ్యం ఏరుతూ వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. ఎదురుగా మగ్గం గది తలుపు తెరిచి ఉంది. మామయ్య నేస్తున్నాడు. నాడె అటు పోయి ఇటు వస్తోంది, పోయినప్పుడల్లా పేకను, అంటే ఆ అడ్డపోగును, దగ్గరికి జరపడానికి ఆయన మగ్గానికి వేలాడే పలకతో ఒక దెబ్బ కొడుతున్నాడు. ఖాళీ చెక్కకు కట్టిన నిమ్మకాయ ఊగుతోంది. గాలి లేదు. నేను చేట పక్కన పెట్టి చూశాను. ఊగడం కాదు. దెబ్బ పడ్డప్పుడల్లా ఒక్కసారి ఎగురుతోంది. దెబ్బ, ఎగురు. దెబ్బ, ఎగురు.

చెక్క మగ్గం గుంజకే కొట్టి ఉంది.

తెలిసింది కదా అని పరుగెత్తలేదు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. నా భర్త ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. మామయ్య అక్క మంచం మీద ఉంది. నేను ఆ గదిలోకి వెళ్లాలి, వద్దన్న వస్తువును తీసుకెళ్లి అదే చెక్క మీద పెట్టాలి, నేస్తున్న మనిషిని మగ్గం ఆపమని అడగాలి. నా ఆలోచన తప్పైతే ఆ ఇంట్లో నేను నోరెత్తడం అదే చివరిసారి అవుతుంది. ల్యాప్‌టాప్ తీసుకుని లేచాను. గడప దగ్గర ఏ కాలు ముందు పెట్టాలా అని ఆగాను కూడా.

"మామయ్యా, జర మగ్గం ఆపుతరా?"

ఆయన చేయి ఆగింది. మంచం మీది నుంచి కేక వినిపించింది.

"మగ్గం ఆపుమంటున్నదా! పని మీదున్నోన్ని పొద్దుగాల పొద్దుగాల ఆపుమంటున్నదా! ఇంటున్నవా తమ్మీ?"

"ఇంటున్న అక్కా" అన్నాడు మామయ్య. కాని చేయి కదపలేదు. నా వైపు చూశాడు. "ఏందో జెప్పు."

ల్యాప్‌టాప్ చెక్క మీద పెట్టాను. కమాండ్ రెండుసార్లు తప్పు కొట్టాను. ఒక పెద్ద కొంగు బొమ్మ తెరిచాను. మగ్గం ఆగి ఉంది. బొమ్మ వెంటనే వచ్చింది.

"ఇగ నెయ్యుండ్రి మామయ్యా."

ఆయన నేశాడు. ఇంకో బొమ్మ తెరిచాను. గోపురాల దగ్గర ఆగిపోయింది. 'టిక్'. పడ్డ లెక్క చూపించే అంకె నా కళ్ల ముందే పెరిగింది.

"ఆపుండ్రి."

ఆగాడు. మిగతా బొమ్మ జారినట్టు కిందికి వచ్చేసింది. ఇంకోసారి నెయ్యమన్నాను, ఇంకోసారి ఆపమన్నాను. ఆయన కోపం లేకుండా చెప్పినట్టల్లా చేశాడు. చివరికి ఒక చేత్తో దెబ్బ కొడుతూ, రెండో అరచేయి చాపి చెక్క మీద ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు.

"అదురుతాంది. దెబ్బ దెబ్బకు అదురుతాంది."

"అవు మామయ్యా. లోపల పళ్లెం తిరుగుతది, దాని మీద సన్నటి ముల్లు ఉంటది. అదిరినప్పుడల్ల కింద పడుతున్ననుకొని ముల్లు పైకి లేపుకుంటది. పళ్లెం గీసుకపోవద్దని. మళ్ల దించేలోపల ఇంకో దెబ్బ."

ఆయన తెర వైపు, మగ్గం వైపు మార్చి మార్చి చూశాడు.

"పిరికిది" అన్నాడు. నవ్వాడో లేదో మీసాల వెనక కనిపించలేదు. తర్వాత అక్క వైపు తిరిగి, "నా దెబ్బకేనట అక్కా. ఎవలు వచ్చుటికి గాదు" అన్నాడు.

ఆమె ఒత్తుల పళ్లెం పక్కకు జరిపింది. "మిషిన్లకు ఎన్ని సాకులన్న జెప్తరు" అంది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. ఆమె నమ్మలేదు. ఇప్పటికీ మా ఇంటికి వస్తే నీళ్ల సీసా వెంట తెచ్చుకుంటుంది.

మామయ్య ఆ మధ్యాహ్నమే చెక్క ఊడదీసి ఎదురుగోడకు కొట్టాడు. "నాకు గక్కడికెళ్లి గుడ కనవడ్తది బిడ్డా" అన్నాడు. గడులు పెద్దవి చేయమన్నాడు, చేశాను. చదవలేనన్న బొమ్మల్లో కొన్నిటిని ఆయన చెప్తుంటే తిరిగి గీశాను. ఒక కొంగు మాత్రం ఆయనకూ గుర్తు రాలేదు. నెమళ్లు ఉండేవని అంటాడు, ఎన్ని గడులకు ఒకటో తెలియదంటాడు. అది పోయింది.

తర్వాత ముల్లూ పళ్లెమూ లేని కొత్త రకం డిస్కు వేయించుకున్నాం. దాన్ని మగ్గం మీదే పెట్టినా ఏమీ కాదు. అన్నిటికీ మూడేసి నకళ్లున్నాయి, ఒకటి ఊళ్లో మా అమ్మ దగ్గర ఉంది.

కాని ఆ నిమ్మకాయ ఎగరడం నా కంట పడకపోయి ఉంటే? డిస్కులో ఆ లెక్క రాసుకునే ఏర్పాటే లేకపోయి ఉంటే? కారణం ఉండి కూడా నాకు దొరకకపోయి ఉంటే, ఇంట్లో అందరూ, కొన్నాళ్లకు నేనూ, ఆమె చెప్పిన కారణాన్నే నమ్మి ఉండేవాళ్లం. ఈ మధ్య కరెంటు హెచ్చుతగ్గులకు తెర ఒక్క క్షణం ఆగింది. నా చూపు ముందు ల్యాప్‌టాప్ వైపు పోలేదు. గదిలో ఎవరెవరు ఉన్నారా, నా వైపు ఎవరు చూస్తున్నారా అని పోయింది.